సరుకు కంటే ముందు కాగితం చేరాలి: వ్యాపార సంస్థల మధ్య ఇంటర్నెట్ లావాదేవీలపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కొన్ని నెలలుగా వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాల్లో చాలా వరకు ఒకే సంగతి చుట్టూ తిరుగుతున్నాయి. ఒక వ్యాపారి మరో వ్యాపారితో ఇంటర్నెట్ మీద బేరం, ఆర్డరు, బిల్లు, చెల్లింపు ఎలా జరుపుకోవాలి, అందులో చట్టం ఎంతవరకు అండగా ఉంటుంది, ఎక్కడ మన జాగ్రత్త మనమే పడాలి అన్నది వాటి సారాంశం. నలభై ఏళ్లుగా ఈ ప్రాంత వ్యాపారుల లెక్కలు చూస్తున్నవాణ్ని కనుక ఈ ఉత్తరాల వెనక ఉన్న ఆదుర్దా నాకు తెలుసు. అందుకే ఈ సంచికను పూర్తిగా వీటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మాకు వరంగల్ చౌరస్తా దగ్గర నోటుబుక్కులు, స్టేషనరీ హోల్‌సేల్ దుకాణం ఉంది. ఆర్డర్లన్నీ వాట్సాప్‌లో వస్తాయి, మేము బిల్లు ఫొటో తీసి పంపుతాము. బీకాం చదువుతున్న మా అమ్మాయి పాఠంలో 'బీ టు బీ ఈ-కామర్స్' అని ఉంది. మనం చేస్తున్నది అదే కదా అంటే, కాదంటోంది. ఎవరి మాట సరైనది?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఇద్దరి మాటలోనూ నిజం ఉంది కానీ, అమ్మాయి మాట అసలు విషయానికి దగ్గరగా ఉంది. ఒక వ్యాపార సంస్థ మరో వ్యాపార సంస్థకు ఇంటర్నెట్ ద్వారా ఏది అమ్మినా స్థూలంగా దాన్ని బీ టు బీ ఈ-కామర్స్ అనే అంటారు. ఆ లెక్కన మీ వాట్సాప్ ఆర్డరు కూడా అందులోకి వస్తుంది. అయితే ఈ రంగంలో పనిచేసేవాళ్లు ఆ మాట అన్నప్పుడు వాళ్ల మనసులో ఉండేది మరొకటి. కొనేవారి కంప్యూటరులో తయారైన ఆర్డరు, మధ్యలో ఎవరూ చేత్తో మళ్లీ కొట్టే అవసరం లేకుండా, అమ్మేవారి కంప్యూటరు పద్దులోకి నేరుగా ఎక్కాలి. తిరిగి బిల్లు కూడా అలాగే వెళ్లాలి.

మీ బిల్లు ఫొటో చేరిన తరువాత ఏం జరుగుతుందో చూడండి. జనగామలోని దుకాణంలో గుమాస్తా దాన్ని ఫోన్ తెర మీద పెద్దది చేసుకుని చూస్తూ '200 పేజీల లాంగ్ నోటుబుక్కు, 40 డజన్లు' అని తన కంప్యూటరులో మళ్లీ కొడతాడు. ఆ కొట్టడంలో 40 కాస్తా 400 కావచ్చు, లేదా లాంగ్ నోటుబుక్కు బదులు కింది వరుసలోని చిన్న నోటుబుక్కు పడవచ్చు. నెలాఖరున మీ ఖాతా, వారి ఖాతా కలవకపోతే ఆ తేడా ఎక్కడ పుట్టిందో వెతకడానికి ఒక పూట పోతుంది. ఫొటోను మనిషి చదువుకోగలడు కానీ, లెక్కల సాఫ్ట్‌వేరుకు అది ఒక బొమ్మ మాత్రమే. పీడీఎఫ్ పంపినా చాలాసార్లు ఇదే పరిస్థితి.

ఈ ఇబ్బంది ఇంటర్నెట్ కంటే పాతది. 1948–49లో దిగ్బంధంలో చిక్కుకున్న బెర్లిన్ నగరానికి విమానాల్లో తిండి, బొగ్గు చేరవేసినప్పుడు, ఒక్కొక్కరు ఒక్కో రకం కాగితంతో, ఒక్కో భాషలో సరుకు పంపడంతో లెక్క తేలేది కాదు. అమెరికా సైన్యంలో పనిచేసిన ఎడ్ గిల్బర్ట్ అప్పుడు అందరికీ ఒకే తీరు సరుకు చిట్టాను రూపొందించాడు. ఆ ఆలోచనే పెరిగి 'ఎలక్ట్రానిక్ డేటా ఇంటర్‌చేంజ్', పొట్టిగా ఈడీఐ, అయింది. 1979లో అమెరికాలో ఎక్స్12 ప్రమాణాల కమిటీ ఏర్పడింది. 1987లో ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో ఎడిఫాక్ట్ ప్రమాణం వచ్చింది. ఎక్స్12లో ప్రతి కాగితానికీ ఒక సంఖ్య ఉంటుంది: కొనుగోలు ఆర్డరు 850, ఆర్డరు అందిందన్న జవాబు 855, సరుకు బయలుదేరిందన్న సమాచారం 856, బిల్లు 810. తొలినాళ్లలో ఇవన్నీ ప్రైవేటు నెట్‌వర్కుల మీద, పంపిన ప్రతి సమాచారానికీ రుసుము కడుతూ నడిచేవి కనుక పెద్ద కంపెనీలకే సాధ్యమయ్యాయి. ఇంటర్నెట్ వచ్చి ఆ ఖర్చును తగ్గించింది.

మీ దుకాణానికి ఎక్స్12 అవసరం లేదు. అమ్మే ప్రతి వస్తువుకూ ఒక కోడు నంబరు పెట్టి, ఆ జాబితాను మీ దగ్గర ఎప్పుడూ కొనే దుకాణాలకు ఎక్సెల్ ఫైలుగా ఇచ్చి, ఆర్డరు ఆ ఫైలులోనే నింపి పంపమని అడగండి. ఆ ఫైలును మీ లెక్కల సాఫ్ట్‌వేరులోకి ఎక్కించే పని అమ్మాయికి అప్పగిస్తే ఆమె చదువుతున్న పాఠం మీ గల్లాపెట్టె పక్కనే మొదలవుతుంది.

ప్రశ్న: నేను ఎనుమాముల మార్కెట్లో మిర్చి ఖరీదుదారుని. ఇంటర్నెట్‌లో మా వివరాలు చూసి మహారాష్ట్రలోని ఒక మసాలా కంపెనీ మెయిల్ చేసింది. తేజ రకం 100 క్వింటాళ్లకు ధర కుదిరింది. లారీ చేరిన మూడో రోజున తేమ ఎక్కువగా ఉందని, క్వింటాలుకు 900 రూపాయలు కోస్తామని వాట్సాప్ పెట్టారు. సంతకాల అగ్రిమెంటు ఏదీ లేదు. మెయిళ్లు, వాట్సాప్ మాటలు కోర్టులో చెల్లుతాయా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: చెల్లుతాయి. 2000 అక్టోబరు 17 నుంచి అమల్లో ఉన్న సమాచార సాంకేతిక చట్టం ఎలక్ట్రానిక్ రికార్డులకు చట్టబద్ధత ఇచ్చింది. తరువాత సవరణతో చేర్చిన 10ఏ సెక్షన్, ఎలక్ట్రానిక్ రూపంలో కుదిరిందన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదని స్పష్టంగా చెబుతోంది. ప్రతిపాదన, అంగీకారం, ప్రతిఫలం ఉండాలన్న 1872 నాటి కాంట్రాక్టు చట్టం సూత్రాలే ఇక్కడా వర్తిస్తాయి. ఓడల్లో బాక్సైట్ సరఫరాకు సంబంధించిన ట్రైమెక్స్, వేదాంత అల్యూమినియం కేసులో సుప్రీంకోర్టు 2010లో, మెయిళ్లలో ప్రతిపాదన, అంగీకారం పూర్తయితే లాంఛనంగా పత్రం రాసుకోకపోయినా ఒప్పందం ఏర్పడినట్టేనని తేల్చింది. కోర్టులో వాటిని సాక్ష్యంగా పెట్టాలంటే 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి. కనుక ఆ మెయిళ్లను, ఫోన్‌లోని మాటలను చెరపకండి, ఫోన్ మార్చినా పాతది పారేయకండి.

అయితే మీ కష్టం చట్టం దగ్గర లేదు, మెయిల్‌లో రాసిన మాటల దగ్గర ఉంది. మీరు జతచేసిన ప్రతిలో 'తేజ, మంచి క్వాలిటీ, 100 క్వింటాళ్లు' అని మాత్రమే ఉంది. మార్కెట్ యార్డులో ఆ మాట సరిపోతుంది, ఎందుకంటే ఖరీదుదారు బస్తా కోసి, గుప్పెడు కాయలు తీసి, అరచేతిలో నలిపి, గింజ గలగలను విని, తొడిమ విరిచి చూసి మరీ ధర పాడతాడు. తేమ ఎంత, తాలు (రంగు పోయి పాడైన కాయ) ఎంత, రంగు ఏపాటిది అన్నది ఆ అర నిమిషంలో ఇద్దరికీ తెలిసిపోతుంది. ఐదారు వందల కిలోమీటర్ల దూరంలో కంప్యూటరు ముందు కూర్చున్న కొనుగోలుదారుకు ఆ అరచెయ్యి లేదు. ఆ అరచెయ్యి చేసే పనిని అక్షరాల్లో పెట్టడమే ఇంటర్నెట్ వ్యాపారంలో అన్నిటికంటే కష్టమైన పని అని నా అభిప్రాయం. మనవాళ్లు ఎక్కువగా నష్టపోతున్నదీ అక్కడే.

కాబట్టి ఇకముందు ఆర్డరు ఖాయం చేసే మెయిల్‌లో రకం, తేమ గరిష్ఠంగా ఎంత శాతం, దాన్ని ఎక్కడ ఎవరి మీటరుతో కొలుస్తారు, తాలు ఎంతవరకు ఒప్పుకుంటారు, తొడిమతోనా తొడిమ తీసా, తూకం లోడింగ్ దగ్గరి ధర్మకాంటాదా దింపుకునే చోటిదా, గోనె సంచి బరువు ఎంత తీసేస్తారు, లారీ కిరాయి ఎవరిది, సరుకు చేరిన ఎన్ని గంటల్లో అభ్యంతరం చెప్పాలి అన్నవి ఒక్కొక్కటీ రాయించండి. మిర్చి విషయంలో తేమ ఎప్పుడు కొలిచారన్నది మరీ ముఖ్యం. కోల్డ్ స్టోరేజీ నుంచి తీసిన బస్తాకు, వారం ఎండిన బస్తాకు మీటరు ఒకే అంకె చూపదు.

ప్రస్తుత తగాదాలో మీకు 1930 నాటి సరుకుల విక్రయ చట్టం తోడుంటుంది. సరుకును పరీక్షించుకునే హక్కు కొనుగోలుదారుకు ఉంది, కానీ సమంజసమైన గడువులో తిరస్కరిస్తున్నట్టు చెప్పకుండా ఉంచుకుంటే అంగీకరించినట్టే అవుతుంది. తేమ పరీక్ష ఎవరు చేశారు, ఎన్ని బస్తాల నుంచి నమూనా తీశారు, నివేదిక ఎక్కడుంది అని ఈ రోజే మెయిల్‌లో అడగండి. కోతకు మీరు ఒప్పుకోవడం లేదని అదే మెయిల్‌లో రాయండి. ఫోన్‌లో ఎంత గట్టిగా చెప్పినా అది రేపు కనిపించదు. కోత ఖరారయ్యే వరకు క్రెడిట్ నోట్ ఇవ్వకండి. ఇచ్చిన రోజున 90,000 రూపాయల తగ్గింపును మీరే కాగితం మీద ఒప్పుకున్నట్టు.

ప్రశ్న: కరీంనగర్‌లో రైస్ మిల్లు యంత్రాల విడిభాగాలు తయారుచేస్తాము. రెండేళ్ల కిందట టర్నోవరు 5 కోట్ల 20 లక్షలకు చేరింది. ఇప్పుడు 4 కోట్లు దాటడమే కష్టంగా ఉంది. అయినా ఈ-ఇన్‌వాయిస్ తప్పనిసరి అని ఆడిటరు గారు అంటున్నారు. నిజమేనా? మేము టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేరులో తీసే బిల్లుకు, దీనికి తేడా ఏమిటి?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ఆడిటరు గారి మాట నిజం. 2017–18 నుంచి ఏ ఒక్క ఆర్థిక సంవత్సరంలోనైనా మొత్తం టర్నోవరు పరిమితి దాటితే, తరువాత తగ్గినా ఈ బాధ్యత పోదు. ఈ విధానం 2020 అక్టోబరు 1న 500 కోట్లు దాటిన సంస్థలతో మొదలై, అంచెలంచెలుగా 100, 50, 20, 10 కోట్లకు దిగి, 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్లు దాటిన వారికి కూడా వర్తిస్తోంది.

మీరు టాలీలో తీసే బిల్లు మీ ఇంటి కాగితం. దాని వివరాలు జేసన్ అనే ఒక నిర్ణీత ఫైలు రూపంలో ఇన్‌వాయిస్ రిజిస్ట్రేషన్ పోర్టల్‌కు వెళ్లి, అక్కడి నుంచి ఆ బిల్లుకు గుర్తింపుగా ఇచ్చే 64 అక్షరాల ఐఆర్‌ఎన్ సంఖ్యతోను, డిజిటల్ సంతకం చేసిన క్యూఆర్ కోడ్‌తోను తిరిగి వచ్చినప్పుడే అది ఈ-ఇన్‌వాయిస్ అవుతుంది. ఆ 64 అక్షరాలు మీ జీఎస్టీ నంబరు, పత్రం రకం, బిల్లు నంబరు, ఆర్థిక సంవత్సరం కలిసి పుడతాయి. కనుక అదే నంబరు బిల్లును అదే ఏడాది రెండోసారి పంపితే పోర్టల్ తిప్పికొడుతుంది. పొరపాటు జరిగితే పోర్టల్‌లో రద్దు చేసుకోవడానికి 24 గంటలే గడువు. ఆ తరువాత క్రెడిట్ నోట్ ద్వారా సరిచేసుకోవలసి ఉంటుంది. ఇది జీఎస్టీ నమోదు ఉన్న మిల్లులకు, డీలర్లకు, ఎగుమతులకు ఇచ్చే బిల్లులకే. దుకాణానికి వచ్చి ఒక బేరింగు కొనుక్కుపోయే రైతు బిల్లుకు అవసరం లేదు. టర్నోవరు 10 కోట్లు, ఆపైన ఉన్నవారు బిల్లు తేదీ నుంచి 30 రోజుల్లోగా పోర్టల్‌కు పంపాలన్న నిబంధన 2025 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది కానీ, అది మీకు వర్తించదు.

తప్పించుకుంటే ఏమవుతుందని కొందరు అడుగుతారు. ఈ-ఇన్‌వాయిస్ ఇవ్వవలసినవారు మామూలు బిల్లు ఇస్తే నిబంధనల ప్రకారం అది బిల్లు కిందే లెక్కకు రాదు, మీ దగ్గర కొన్న మిల్లు వారి పన్ను జమ (కొన్నప్పుడు కట్టిన పన్నును తాము కట్టవలసిన పన్నులో తగ్గించుకోవడం) చిక్కుల్లో పడుతుంది. మీ ఈ-ఇన్‌వాయిస్ వివరాలు మీ అమ్మకాల రిటర్ను అయిన జీఎస్‌టీఆర్-1లోకి వాటంతట అవే చేరతాయి, అక్కడి నుంచి కొనుగోలుదారు తన పన్ను జమ చూసుకునే 2బీ పట్టికలో కనిపిస్తాయి. నెలవారీ రిటర్ను వేసేవారు 11వ తేదీ లోపు దాఖలు చేయకపోతే ఆ నెల కొనుగోలుదారుకు జమ కనిపించదు. పెద్దపల్లిలోనో జగిత్యాలలోనో ఉన్న మిల్లు యజమాని 14వ తేదీన మీకు ఫోన్ చేసి 'మీ బిల్లు కనిపించడం లేదమ్మా' అనడం వెనక ఉన్నది ఇదే. ఆయన వచ్చే ఏడాది మీ దగ్గర కొనాలా, వేరేచోట కొనాలా అన్నది ధర కంటే ఆ ఫోన్ మీదే ఎక్కువగా ఆధారపడుతుంది.

సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే, దారిలో బండితో పాటు ఉండవలసిన ఈ-వే బిల్లు కూడా ఉండాలి. ఈ-ఇన్‌వాయిస్ పంపేటప్పుడే రవాణా వివరాలు ఇస్తే రెండూ ఒకేసారి వస్తాయి. దాని చెల్లుబాటు 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున ఉంటుంది. 350 కిలోమీటర్ల దూరానికి రెండు రోజులు. లారీ దారిలో చెడిపోయి వేరే బండిలోకి సరుకు మార్చితే ఆ కొత్త బండి నంబరును ఈ-వే బిల్లులో బండి వివరాలుండే 'పార్ట్ బీ'లో మార్చడం మరిచిపోకండి. నేను చూసిన జరిమానాల్లో ఎక్కువ భాగం ఈ చిన్న మరుపు వల్ల పడినవే.

ప్రశ్న: మేము వరంగల్ కొత్తవాడలో దర్రీలు నేయించి అమ్ముతాము. బెంగళూరులోని ఒక గృహాలంకరణ సంస్థ ఇంటర్నెట్‌లో ఆర్డరు పెట్టి 3 లక్షల రూపాయల సరుకు తీసుకుంది. నాలుగు నెలలైంది. అడిగితే 'అకౌంట్స్ వాళ్లు చూస్తున్నారండీ' అంటున్నారు. నూలు వ్యాపారి మా మీద పడుతున్నాడు, నేతగాళ్లకు కూలీ ఇవ్వాలి. బెంగళూరు వెళ్లి కేసు వేసే స్తోమత మాకు లేదు.
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మీరు బెంగళూరు వెళ్లనవసరం లేదు. ఈ ఒక్క విషయం తెలియక ఎంతమంది చిన్న ఉత్పత్తిదారులు రావలసిన డబ్బును వదులుకుంటున్నారో చూస్తుంటే బాధ కలుగుతుంది. అందుకే ఈ జవాబు కొంచెం పెద్దదైనా ఓపికగా చదవండి.

2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం ప్రకారం సూక్ష్మ లేదా చిన్న సంస్థ దగ్గర సరుకు తీసుకున్నవారు, రాతపూర్వక ఒప్పందం ఉంటే అందులోని గడువులోగా, అది ఎంత ఉన్నా 45 రోజులకు మించకుండా చెల్లించాలి. ఒప్పందం లేకపోతే గడువు 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా అసలులో కలుస్తూ, పడుతుంది. బ్యాంక్ రేటు 6 శాతం అనుకుంటే 18 శాతం, అంటే మీ 3 లక్షలకు మొదటి నెలకే 4,500 రూపాయలు. 'వడ్డీ అడగము' అని మీ చేత ముందే రాయించుకున్నా ఆ రాత చెల్లదు. సరుకు అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే అందిన రోజునే అంగీకరించినట్టు లెక్క. కనుక ట్రాన్స్‌పోర్టు వారి డెలివరీ రసీదు, 'అందింది' అన్న ఒక్క ముక్క మెయిల్, ఈ రెండూ మీకు బంగారంతో సమానం.

ఫిర్యాదును కేంద్ర సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల శాఖ పోర్టల్‌లో ఇంటి నుంచే పెట్టవచ్చు. ఇందుకోసం తొలి పోర్టల్ 'సమాధాన్' 2017 అక్టోబరు 30న మొదలైంది. ఫిర్యాదు మన రాష్ట్రంలో ఇటువంటి బాకీల తగాదాలు తీర్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్తుంది. అమ్మినవారు ఎక్కడ ఉంటే అక్కడి కౌన్సిల్‌కే విచారించే అధికారం ఉందని, కొన్నవారు దేశంలో ఎక్కడున్నా సరేనని చట్టమే చెబుతోంది. బెంగళూరు వారే ఇక్కడికి జవాబు చెప్పుకోవాలి. కౌన్సిల్ తీర్పు మీద కోర్టుకు వెళ్లదలిస్తే కొన్నవారు ముందు 75 శాతం సొమ్ము డిపాజిట్ చేయాలి. ఇవన్నీ పొందడానికి, చిన్న సంస్థలకు కేంద్రం ఇచ్చే ఉద్యం నమోదు కావాలి. సరుకు పంపడానికి ముందే నమోదై ఉండాలా అన్న దాని మీద కోర్టుల్లో గట్టి వాదాలు నడిచాయి కనుక, ఇప్పటికీ నమోదు చేయించుకోని నేత కుటుంబాలు ఈ వారమే ఆ పని ముగించడం మేలు. రుసుము లేదు, ఆధార్, పాన్ ఉంటే చాలు. ఒక్క జాగ్రత్త: ఈ 45 రోజుల రక్షణ తయారుచేసేవారికి, సేవలందించేవారికి ఉద్దేశించినది, కేవలం కొని అమ్మే వర్తకులకు కాదు. మీరు నేయిస్తున్నారు కనుక, నమోదులో 'తయారీ' అనే రాయించండి.

ఫిర్యాదుకు ముందు ఒక మెయిల్ పంపి చూడండి. అందులో బాకీ మొత్తం, బిల్లు నంబరు, ఉద్యం నంబరు రాసి, 2023 ఆర్థిక చట్టం తెచ్చిన, వ్యాపారులు '43బీ (హెచ్)' అని చెప్పుకునే ఆదాయపు పన్ను నిబంధనను గుర్తుచేయండి. సూక్ష్మ, చిన్న సంస్థకు గడువు దాటి బాకీ ఉంచితే ఆ ఖర్చును ఆ ఏడాది లెక్కలో చూపుకోవడం కుదరదు, చెల్లించిన ఏడాదిలోనే చూపుకోవాలి. నా అనుభవంలో మార్చి నెలలో పంపిన ఈ ఒక్క మెయిల్, ఏడాది పొడుగునా చేసిన ఫోన్ల కంటే త్వరగా పని చేయించింది.

ఇకముందు పెద్ద కంపెనీలకు అమ్మేటప్పుడు 'మీరు ట్రెడ్స్‌లో ఉన్నారా?' అని ఆర్డరు నాడే అడగండి. రిజర్వు బ్యాంకు 2014లో మార్గదర్శకాలు ఇచ్చి, 2017 నుంచి నడుస్తున్న ఈ వేదికలో మీ బిల్లును కొన్న కంపెనీ ఆన్‌లైన్‌లో అంగీకరించగానే బ్యాంకులు దాని మీద పోటీపడి రేటు చెబుతాయి. తక్కువ రేటు చెప్పిన బ్యాంకు మీకు వెంటనే డబ్బు ఇచ్చి, గడువు నాడు కంపెనీ దగ్గర వసూలు చేసుకుంటుంది. 3 లక్షల బిల్లును 60 రోజుల ముందు 9 శాతం రేటుకు ఇస్తే తగ్గేది సుమారు 4,440 రూపాయలు. కంపెనీ ఎగ్గొట్టినా బ్యాంకు మీ మీదికి రాదు. నూలు వ్యాపారి ఉద్దెర మీద వేసే ధరతో పోలిస్తే ఇది చౌక. 250 కోట్లు దాటిన కంపెనీలు 2025 మార్చి 31 లోగా ఇందులో నమోదు కావాలని కేంద్రం ఆదేశించింది. నమోదైనంత మాత్రాన ప్రతి బిల్లునూ అక్కడ పెట్టాలన్న నిర్బంధం లేదు కనుక మీరు అడగాలి.

ప్రశ్న: నిజామాబాద్‌లో పసుపు పొడి తయారుచేసే యూనిట్ మాది. ప్యాకింగ్ కవర్లు పంపే పాత సరఫరాదారు మెయిల్ నుంచి 'మా బ్యాంకు ఖాతా మారింది' అని కొత్త బిల్లుతో పాటు వచ్చింది. 4 లక్షల 60 వేలు ఆర్‌టీజీఎస్ చేశాము. వారం తరువాత ఆయనే ఫోన్ చేసి డబ్బు అడిగాడు. తప్పెవరిది?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: ముందు చేయవలసిన పని చెబుతాను. ఈ జవాబు చదివేటప్పటికి ఇంకా ఫిర్యాదు చేసి ఉండకపోతే సైబర్ మోసాల ఫిర్యాదులు తీసుకునే 1930 నంబరుకు ఫోన్ చేసి, మీ బ్యాంకుకు రాతపూర్వకంగా తెలపండి. సొమ్ము మొదటి ఖాతాలోనే ఉంటే స్తంభింపజేయవచ్చు. అయితే ఇటువంటి వారు గంటల్లోనే దాన్ని ముక్కలుచేసి వేరే ఖాతాలకు తరలిస్తారు. కనుక ఒక రోజు ఆలస్యానికి కూడా విలువ ఉంటుంది.

మీరు పంపిన మెయిల్ ప్రతిని అక్షరం అక్షరం చూశాను. సరఫరాదారు పాత చిరునామాలో 'ఎల్' ఒకటే ఉంది, ఈ మెయిల్‌లో రెండు ఉన్నాయి. బిల్లు నమూనా, ముద్ర, చివర రాసే 'నమస్తే సార్' వరకు అన్నీ అచ్చం అలాగే ఉన్నాయి. అంటే మీ ఇద్దరిలో ఒకరి మెయిల్ పెట్టెలోకి ఎవరో కొన్నాళ్లుగా తొంగిచూస్తూ, పెద్ద బిల్లు వచ్చే వరకు కాచుకున్నారన్న మాట. ఇద్దరూ పాస్‌వర్డులు మార్చి, రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోండి. మీ మెయిల్ సెట్టింగుల్లో మీకు తెలియని ఫార్వర్డింగ్ చిరునామా ఏదైనా ఉందేమో చూడండి.

నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లలో సొమ్ము ఖాతా సంఖ్య ఆధారంగానే జమవుతుంది, మీరు రాసిన పేరు ఖాతాదారు పేరుతో కలవకపోయినా బదిలీ ఆగదు. ఈ లోటు పూడ్చడానికే రిజర్వు బ్యాంకు ఆదేశం మేరకు 2025 ఏప్రిల్ 1 నాటికి బ్యాంకులు, పంపే ముందు ఆ ఖాతా ఎవరి పేరున ఉందో చూపే సదుపాయం తేవలసి వచ్చింది. దాన్ని ప్రతిసారీ వాడండి. ఖాతా మారిందన్న ఏ కబురు వచ్చినా, ఆ మెయిల్‌లో ఉన్న నంబరుకు కాకుండా మీ పాత పుస్తకంలోని నంబరుకు ఫోన్ చేసి, ఆ మనిషి గొంతు విన్న తరువాతే మార్చండి. తప్పెవరిది అంటారా? బాకీ తీరలేదని సరఫరాదారు అనడంలో న్యాయం ఉంది, ఎందుకంటే ఆయనకు డబ్బు చేరలేదు. కానీ ఆయన మెయిల్ నుంచే వివరాలు బయటికి పోయి ఉంటే ఆయనకూ బాధ్యత ఉంటుంది. ఇన్నేళ్ల పొత్తును కోర్టుకు లాగే ముందు, పెద్దమనుషుల ఎదుట కూర్చుని నష్టాన్ని పంచుకునే దారి వెతకమని నా సలహా.

ప్రశ్న: పెంబర్తిలో ఇత్తడి జ్ఞాపికలు చేస్తాము. ప్రభుత్వ ఆఫీసులకు నేరుగా అమ్మవచ్చా?
– ఒక పాఠకుడు, జనగామ జిల్లా

జవాబు: అమ్మవచ్చు. కేంద్ర ప్రభుత్వ శాఖల కొనుగోళ్ల కోసం 2016 ఆగస్టు 9న మొదలైన 'జెమ్' పోర్టల్‌లో ఉద్యం నంబరుతో నమోదు చేసుకోండి. కేంద్ర శాఖలు, సంస్థలు తమ కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి, అందులో 3 శాతం మహిళల సంస్థల నుంచి తీసుకోవాలన్న విధానం ఉంది. ఫొటోలు పగటి వెలుగులో తీయండి, బరువు, కొలతలు తప్పక రాయండి. ఇచ్చిన గడువులో అందించలేని సంఖ్యకు మాత్రం ఒప్పుకోవద్దు.

ప్రశ్న: దేశంలోని మార్కెట్ యార్డులను ఇంటర్నెట్‌లో కలిపే ఈ-నామ్ గురించి 2016 నుంచి వింటున్నాము. అయినా మా వైపు మార్కెట్లలో ఇంకా జెండా పాట (యార్డులో ఎదురుగా నిలబడి పాడే వేలం) మాటే వినిపిస్తుంది. కంప్యూటరులో ధర వేస్తే దేశమంతటి మిల్లులు మా పత్తి కొనాలి కదా, ఎందుకు కొనడం లేదు?
– ఒక రైతు, జమ్మికుంట

జవాబు: ఈ-నామ్ 2016 ఏప్రిల్ 14న 8 రాష్ట్రాల్లోని 21 మార్కెట్లతో మొదలైంది. మన ఉత్తర తెలంగాణ మార్కెట్లలో కొన్ని తొలి నుంచీ అందులో ఉన్నాయి. మీ ప్రశ్నకు జవాబు మిర్చి ఖరీదుదారుకు పైన ఇచ్చిన జవాబులోనే సగం ఉంది. గుజరాత్‌లోని జిన్నింగ్ మిల్లు యజమాని తెర మీద ధర వేయాలంటే మీ కుప్పలో తేమ ఎంతో, పింజ పొడవు ఎంతో, చెత్త ఎంతో అంకెల్లో కనబడాలి. పత్తిలో ఇది ఎంత తేడా తెస్తుందో మీకు తెలియనిది కాదు. భారత పత్తి సంస్థ మద్దతు ధర పూర్తిగా ఇచ్చేది 8 శాతం తేమకు, ఆపైన శాతానికింత అని తగ్గిస్తూ 12 శాతం వరకే తీసుకుంటుంది. ప్రతి కుప్పకూ పరీక్ష చేసే మనుషులు, పరికరాలు పొద్దున్నే యార్డులో ఉండి, వేలం మొదలయ్యేలోగా ఆ అంకెలు తెర మీదికి ఎక్కితే తప్ప దూరపు మిల్లు పాడదు. సీజనులో ఒక్క రోజున వేల బస్తాలు దిగే చోట ఆ పని వెనకబడితే, కళ్లతో చూసి ధర చెప్పగలిగే స్థానిక ఖరీదుదారులే మిగులుతారు. అప్పుడు తెర మీద పాడినా పాడేది వాళ్లే కనుక, ధర జెండా పాట చుట్టుపక్కలే తిరుగుతుంది.

మార్కెట్ కమిటీ సమావేశంలో కొత్త షెడ్డు కంటే ముందు పరీక్షా గది, తేమ మీటర్లు, వాటిని వాడే సిబ్బంది గురించి అడగమని నా మనవి. మీ వంతుగా, బండి కట్టే ముందు పత్తిని రెండు ఎండలు ఆరబెట్టి, మార్కెట్లో తేమ కొలిచిన చీటీని అడిగి తీసుకోండి. ధర నచ్చక సరుకు వెనక్కి తీసుకెళ్లినా, మరునాడు వేరే వ్యాపారికి ఫోన్‌లో చెప్పడానికి ఆ చీటీ మీద ఉన్న అంకె పనికొస్తుంది.